జిరో లోయలోని రైతులు – వారి నీటి పొత్తు



కాలువ త్రవ్వుట కష్టము. త్రవ్విన కాలువను ఏటేట నిలుపుకొనుట అంతకంటె కష్టము. మొదటిదానికి ధనమున్న చాలును. రెండవదానికి ఊరివారి కట్టుబాటు కావలెను. ఈ రెండవ విద్యలో ఆరితేరిన కొన్ని ప్రాచీన గ్రామములను ఇటీవల కొండలనడుమ చూచి వచ్చితిమి. అచ్చట కన్నదానిని, విన్నదానిని మన సంఘ సభ్యుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అరుణాచల ప్రదేశమున లోయర్ సుబన్‌సిరి జిల్లాలో, సముద్రమట్టమునకు 5,000 అడుగుల యెత్తున జిరో లోయ యున్నది. నాహర్లగున్ వరకు రైలు పోవును. అచ్చటినుండి కొండదారిని సుమారు నూరు కిలోమీటర్లు మోటారుమీద పోవలెను. ఆ రాష్ట్రమున ప్రవేశించుటకు ఇన్నర్ లైన్ పర్మిట్టు అను అనుమతి పత్రమును ముందుగా పొందవలెను. చుట్టును అడవి కొండలు. నడుమ పళ్లెమువలె చదునైన నేల. ఆ నేలలో కనుచూపు మేర వరిమళ్లు. అందు వసించు జనులను అపతానీలందురు. హాంగ్, హరి, హిజా మొదలైన వారి పాత గ్రామములలో ఇండ్లు గుంజలపై నిలిచి, ఒకదాని నొకటి ఆనుకొని యుండును. ఇండ్లిట్లు ఇరుకుగా నుండుటవలన వరి పండు నేల మిగులుచున్నది.

ఈ జనులను గూర్చి వివరముగా వ్రాసినవారిలో ముఖ్యుడు ఆస్ట్రియా దేశమున జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పండితుడు. ఆయన మనవారికి క్రొత్తవాడు కాడు. హైదరాబాదు రాజ్యమున చెంచుల, కొండరెడ్ల, గోండుల నడుమ నివసించి గ్రంథములు వ్రాసెను. ఆదిలాబాదు ప్రాంతపు మార్లవాయి గ్రామమున ఆయన పేరు నేటికిని తలతురు. ఆయన 1944లో ఈ లోయకు వచ్చి, నాగలి లేకుండ చేతి పనిముట్లతోనే ఇచ్చటివారు చేయు శ్రద్ధగల సేద్యమును లోకమునకు తెలిపెను.

ఏడాదికి ఒకటే వరిపంట. చలి తగ్గునప్పటికి నారుపోసి, ఏప్రిల్, మే నెలలలో ఊడ్చి, వానలు వెనుకబట్టిన పిదప కోయుదురు. గట్టును సైతము ఊరక విడువరు. దానిపై చోళ్లు నాటుదురు. గింజ యింటికి వచ్చును, వేళ్లు గట్టును బిగించును. 1960 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వ ప్రోత్సాహమున వరిమడిలో బంగారుతీగ చేపలను పెంచుట అలవడినది. మడినడుమ లోతైన బోదె యొకటి త్రవ్వుదురు. నీరు తగ్గినపుడు చేపలు అందులో చేరి బ్రతుకును. పురుగులను తినుచు పెరుగును. వాటి విసర్జనము పైరునకు ఎరువగును. చేపలున్న మడిలో పురుగుమందు చల్లరాదు గనుక ఆ ఖర్చును తప్పినది. ఊక, బూడిద, పందుల పెంట, కోళ్ల పెంట మళ్లకే చేర్చుదురు.

ఇంక నీటి సంగతి. కొండవాగులకు అడ్డుకట్టలు వేసి, ఆ నీటిని పెద్దకాలువలలోనికి, వాటినుండి పిల్లకాలువలలోనికి త్రిప్పుదురు. మడినుండి మడికి నీరు పోవుటకు వెదురు గొట్టమునో, తొలిచిన చెట్టు దూలమునో గట్టులో అమర్చుదురు. మీది మడి నిండి క్రింది మడికి, అది నిండి ఆ క్రింది మడికి నీరు దిగును. కావున మీది రైతు తూము మూసినయెడల క్రింది రైతు పైరు ఎండును. మీది రైతు గట్టు తెగినయెడల క్రింది రైతు చేపలు కొట్టుకొనిపోవును. ఎవని పొలము వానిదే యైనను, ఎవడును ఒంటరిగా సేద్యము చేయజాలడు.

ఇందుచే ఒక్కొక్క కాలువక్రింది రైతులు ఒక జట్టుగా నుందురు. ఆ జట్టును బోగో యందురు. దానికొక పెద్ద యుండును. సేద్యపు పనులకు ముందు ఆ పెద్ద పిలుపుపై అందరును వచ్చి పూడిక తీసి, కట్టలు బాగుచేయుదురు. ఇదిగాక పతాంగ్ అను పనిజట్లు కలవు. వాటిలోనివారు ఒకరి పొలమున నేడు, మరియొకరి పొలమున రేపు వంతులవారీగా పనిచేయుదురు. మనలోని బదులుపని వంటిదే ఇది.

ఒక వృద్ధ రైతుతో మాటలాడితిమి. హిందీ నేర్చిన ఒక యువకుడు మా నడుమ దుబాసీగా నుండెను. అడుగవలసినవి మేము అడిగిన పిమ్మట ఆ పెద్ద మమ్ము, ‘మీ దేశమున కాలువ యెవరిది?’ అని ప్రశ్నించెను. ‘సర్కారుది’ అని మాలో నొకరు చెప్పిరి. ‘అట్లయిన పూడిక తీయువారెవరు?’ అనెను. ఒకరు ఇంజనీర్లనిరి, ఒకరు కంట్రాక్టరనిరి, ఒకరు పంచాయతీ యనిరి. ఆయన చిరునవ్వు నవ్వి, ‘ఇందరి పేర్లు చెప్పుచున్నారన్న, ఎవరును తీయరని అర్థము’ అనెను. మేము మారుపలుకలేదు.

అయినను ఆ లోయను స్వర్గమని వర్ణించుట సత్యము కాదు. పూర్వము ఆ సమాజమున యజమానుల తరగతి, దాసుల తరగతి యుండెను. ఆ కట్టుబాటులోని చెమట యందరిదియు సమానము కాదు. వాన సమృద్ధిగా గల చిన్న లోయలో కుదిరిన పద్ధతి మన మెట్ట తాలూకాలలో అట్లే కుదురదు. పైగా అచ్చటను కాలము మారినది. చదువుకొన్న పిల్లలు ఉద్యోగములకు పోవుచున్నారు; బదులుపని స్థానమున రొక్కపు కూలి ప్రవేశించుచున్నది. ఈ లోయ 2014లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరినది. గౌరవము మంచిదే. కాని గౌరవ పత్రము గండి పూడ్చదు. గండి పూడ్చునవి చేతులే. ప్రతి సంవత్సరము జూలై 5వ తేదీన, నాట్లు ముగిసిన పిమ్మట, పంట క్షేమమునకై డ్రీ పండుగ చేయుదురు. 1967నుండి లోయవారందరును దానిని ఒక్కచోట కలిసి జరుపుకొనుచున్నారు. కలిసియుండుట తనంతట నిలువదని వా రెరుగుదురు కాబోలు.

ఇట్టి పొత్తు మనకును పరాయిది కాదు. మన పెద్దలు కుడిమరామత్తు పేరిట చెరువు పనులు తామే చేసికొనెడివారు. మద్రాసు రాజధానికై 1858లో చేయబడిన చట్టము ఆ యాచారమునకు బలమిచ్చెను. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన చట్టమువలన నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. కాని చట్టము సంఘమును పుట్టించునేగాని, పోషింపజాలదు. బోరు వేసికొనగలవాడు కాలువను మరచినాడు. కాలువ పూడినకొద్ది బోరు లేనివాని మడి ముందుగా ఎండినది. చెరువు నిండక, ఊట తగ్గి, తుదకు బోరును వట్టిపోయినది. అప్పు మాత్రము ఇద్దరికిని మిగిలినది. ఆ యప్పు మన సంఘపు పద్దులలోనికే వచ్చుచున్నది. కావున కాలువ పూడిక సహకార సంఘమునకు సంబంధింపని విషయమని యెవరును తలపరాదు.

సభ్యులు ఆలోచింపవలసిన సంగతులు నాలుగు. ఒకటి: నారు పోయుటకు నెల ముందే పూడికతీత దినమును నిశ్చయించి చాటింపు వేయవలెను. రెండు: ఆయకట్టులోని యెకరముల ననుసరించి ప్రతివాడును పనియో, రొక్కమో ఇయ్యవలెను; పెద్దరైతునకు మినహాయింపు కూడదు. మూడు: కాలువ తనిఖీని తలతూమునొద్ద కాక, చివరి మడియొద్ద మొదలుపెట్టవలెను. అచ్చటికి నీరు చేరినచో తక్కిన కాలువ బాగుగనే యున్నట్లు. నాలుగు: వచ్చినవారి పేర్లు, రానివారి పేర్లు, చెల్లిన రొక్కము సభలో బిగ్గరగా చదువవలెను.

వీనిలో దేనికిని క్రొత్త చట్టము అక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఏ గ్రామమువారైనను దీనిని చర్చకు పెట్టదలచినచో, ముందుగా తమ కాలువ చివరనున్న రైతును వెంటబెట్టుకొని రావలెనని కోరుచున్నాము. మొదట మాటలాడవలసినవా డతడు.