చిన్న కారునకు క్రొత్త చక్రములు

ఎద్దుబండికి చక్రము చేయు వడ్రంగి ముందుగా ఇరుసును కొలుచును. ఇరుసు సంగతి చూడక ఆకులు కోసిన వడ్రంగిని మన పల్లెలలో ఎవరును మెచ్చరు. చక్రము చూపునకు ఎంత సొగసైనను, ఇరుసునకు ఒదుగనిచో బండి బాటలో నిలువదు. మోటారు కారునకును ఈ న్యాయమే వర్తించును. పాత చిన్న కారును ముచ్చటపడి ఉంచుకొనువారు సాధారణముగా మొదట మార్పదలచునది చక్రములనే. ఇనుప చక్రములను తీసి, మెరయుచుండు మిశ్రలోహ చక్రములను, వెడల్పైన టైర్లను బిగించినచో కారు రూపమే మారిపోవును. రూపముతో పాటు మరి ఏమేమి మారునో తెలిసికొనుట మంచిది. ఏలయన ఆ కారులో కూర్చుండువారు మన ఇంటివారే. ఉదాహరణముగా బ్రిటన్ దేశపు మినీ కారును తీసికొందము.

1956లో సూయజ్ కాలువ సంక్షోభము వలన బ్రిటన్‌లో పెట్రోలునకు కరవు వచ్చెను. తక్కువ పెట్రోలుతో నడచు చిన్న కారును నిర్మించు పని అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరునకు అప్పగింపబడినది. 1959 ఆగస్టులో వెలువడిన ఆ కారు పొడవు సుమారు 10 అడుగులు. అయినను అందు నలుగురు కూర్చుండవచ్చును. ఇంజనును అడ్డముగా అమర్చుట అందులకు ఒక ఉపాయము. చక్రమును చిన్నది చేయుట మరియొక ఉపాయము. చక్రపు గూళ్ళు లోపలి చోటును ఆక్రమింపకుండుటకై 10 అంగుళముల చక్రములను పెట్టిరి. మన మారుతి 800 కారు చక్రము 12 అంగుళములని తలచుకొన్నచో, ఇది ఎంత చిన్నదో బోధపడును. స్ప్రింగులకు బదులుగా రబ్బరు దిమ్మలను వాడిరి. అనగా ఆ కారులోని ప్రతి అంగమును ఆ చిన్న చక్రమునకు సరిపడునట్లు కొలిచి కూర్చినదే.

ఇక టైరు ప్రక్కన ముద్రించిన అంకెలను చూతము. 145/80 ఆర్ 10 అని ఉన్నదనుకొందము. 145 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనునది రిమ్ముపై టైరు ఎత్తు ఆ వెడల్పులో ఎన్నవ శాతమో తెలుపును. ఆర్ అనగా రేడియల్ టైరు. 10 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఈ లెక్కను బట్టి టైరు ఎత్తు 116 మిల్లీమీటర్లు. మొత్తము చక్రపు వ్యాసము 486 మిల్లీమీటర్లు. 1984లో మినీకి 12 అంగుళముల చక్రము, 145/70 ఆర్ 12 టైరు వచ్చెను. దాని మొత్తము వ్యాసము 508 మిల్లీమీటర్లు, అనగా నాలుగున్నర శాతము అధికము. స్పీడోమీటరు లెక్కించునది చక్రపు చుట్లనే గాని దూరమును కాదు. కావున 10 అంగుళముల చక్రమునకు తగిన స్పీడోమీటరును మార్పక పెద్ద చక్రమును తగిలించినచో, అది 60 చూపునపుడు కారు దాదాపు 63 వేగముతో పోవుచుండును. మిట్ట ఎక్కునప్పుడు ఇంజను మునుపటికంటె ఎక్కువ శ్రమపడును.

అట్లుగాక 10 అంగుళముల చక్రముననే 165/70 టైరును వేసినచో వ్యాసము 485 మిల్లీమీటర్లు. స్పీడోమీటరునకు బాధ లేదు. కాని మొదటి మినీ రిమ్ము వెడల్పు మూడున్నర అంగుళములే. ఈ టైరునకు అది ఇరుకు. వెడల్పైన రిమ్ము కావలెను. 13 అంగుళముల చక్రమునకు వేయు 175/50 టైరుతో మొత్తము వ్యాసము 505 మిల్లీమీటర్లు. చూడుడు, రిమ్ము పెరిగినంత మేర టైరు తరిగినది! టైరు ఎత్తు 116 నుండి 87కు దిగినది. టైరులోని గాలియే మనకు పరుపు. పరుపు పలుచనైన కొలది గతుకుల దెబ్బ కారునకును, మన నడుమునకును తగులును.

అట్లయిన 1984లో చక్రమును ఎందుకు పెంచిరి? ముందు చక్రములలో 8.4 అంగుళముల డిస్కు బ్రేకులను అమర్చుటకై పెంచిరి. ఆ డిస్కు 10 అంగుళముల చక్రములో పట్టదు. కావున తరువాతి కాలపు మినీకి పాతకాలపు చిన్న చక్రములను తొడుగవలెనన్నచో బ్రేకులను కూడ మార్పవలసియుండును. పాత మినీకి చక్రమును మాత్రము పెంచి, డ్రమ్ము బ్రేకులనే ఉంచుకొన్నచో బ్రేకుల బలము పెరుగదు. పెద్ద చక్రము చూచి బ్రేకులు బాగుపడినవని భ్రమపడరాదు.

అల్యూమినియము బరువు ఇనుము బరువులో మూడవవంతు మాత్రమే. చక్రము తేలికయైనచో గతుకులపై త్వరగా లేచి, త్వరగా నేలను పట్టును. 1960ల దశకమున పందెపు మినీలకు మినిలైట్ అను మెగ్నీషియము చక్రములను వాడుటకు ఇదియే కారణము. కాని మిశ్రలోహమైనంత మాత్రమున ప్రతి చక్రమును తేలిక కాదు. మిక్కిలి వెడల్పు చక్రము ఇనుప చక్రమంత బరువు తూగుటయు కలదు. త్రాసులో పెట్టి చూచుటయే మేలు.

రిమ్ము నడిమి గీతకును, ఇరుసునకు ఆను తలమునకును గల దూరమును ఆఫ్‌సెట్ అందురు. ఇది సరిపడక చక్రము వెలుపలికి జరిగినచో స్టీరింగు బరువెక్కును. బేరింగులు త్వరగా అరుగును. టైరు మడ్‌గార్డు అంచును ఒరయును. లోపలికి జరిగినచో లోపలి భాగములకు తగులును. కావున చక్రమును బిగించిన పిమ్మట స్టీరింగును రెండు వైపులకును పూర్తిగా త్రిప్పి, కారులో నలుగురిని కూర్చుండబెట్టి మరల చూడవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది బిగింపు. మినీ చక్రమును పట్టియుంచు నాలుగు స్టడ్లు 4 అంగుళముల వృత్తముపై, అనగా 101.6 మిల్లీమీటర్ల వృత్తముపై నున్నవి. ఇతర చిన్న కార్లలో పెక్కింటికి ఈ కొలత 100 మిల్లీమీటర్లు. తేడా ఒక మిల్లీమీటరున్నర మాత్రమే గనుక ఆ చక్రము ఎక్కినట్లే కనబడును. కాని స్టడ్లు వంగి, నట్లు సరిగా ఆనక, నడుమ బాటలో చక్రము ఊడవచ్చును. మిశ్రలోహ చక్రము మందముగా నుండును గనుక ఇనుప చక్రపు నట్లు దీనికి పనికిరావు. చక్రముతో పాటు దానికి తగిన నట్లనే కొనవలెను. బిగించి సుమారు 80 కిలోమీటర్లు నడిపిన పిదప మరల ఒకసారి బిగువు చూడవలెను.

పాత కారు తక్కువగా తిరుగును. అందుచే టైరు అరుగకయే ముసలిదగును. టైరుపై తయారీ తేదీని తెలుపు నాలుగు అంకెలుండును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారము. పైకి గాడులు లోతుగా నున్నను, ప్రక్కలు బీటలు వారిన టైరును నమ్మరాదు. ముందు రేడియల్ టైర్లను, వెనుక పాతరకపు క్రాస్‌ప్లై టైర్లను కలిపి వేయుట ప్రాణాపాయము. మలుపున వెనుక భాగము పట్టు తప్పును.

కీలెరిగి వాత పెట్టవలెనన్నారు పెద్దలు. చక్రమును మార్పరాదని మనము చెప్పుట లేదు. సొగసు కోరుట తప్పు కాదు. కాని వ్యాసము, వెడల్పు, ఆఫ్‌సెట్, స్టడ్ల వృత్తము, నట్లు, బ్రేకు అను ఈ ఆరింటిని ఒక కాగితముపై వ్రాసికొని, సరిచూచుకొన్న తరువాతనే సొమ్ము చెల్లింపుడు. తీసివేసిన పాత చక్రములను మాత్రము పారవేయక అటుకపై భద్రపరచుడు. క్రొత్తవి పొసగనినాడు ఆ కారును మరల మొదటి నడకకు తెచ్చునవి అవియే.