శలభాన్ని గీసి చూడండి

వర్షాకాలపు రాత్రి ఒక పెద్ద శలభం దీపం చుట్టూ తిరుగుతుంటే మన చెయ్యి ముందు చీపురు మీదికి పోతుంది. దాని రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుందని చాలామంది భయం. అదే సీతాకోకచిలుక అయితే పిల్లల్ని పిలిచి మరీ చూపిస్తాం. నిజానికి ఈ రెండూ లెపిడాప్టెరా అనే ఒకే క్రమానికి చెందిన కీటకాలు. ఆ మాటకు 'పొలుసుల రెక్కలు గలవి' అని అర్థం. వేలికి అంటే పొడి ఆ పొలుసులే, విషం కాదు. కొన్ని జాతుల గొంగళిపురుగుల వెంట్రుకలు మాత్రం దురద పుట్టిస్తాయి.

అండమాన్ దీవుల అడవుల్లో అటాకస్ మెక్‌ముల్లెని అనే అట్లాస్ శలభం ఉంది. 1914లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఈ దీవుల్లో తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా లేదు. దీని దగ్గరి బంధువైన అటాకస్ అట్లాస్ రెక్కలు చాపితే సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. అట్లాస్ శలభాల ముందు రెక్కల కొనలు పాము తలను తలపిస్తాయి. పక్షులను బెదరగొట్టడానికి ఇది పనికొస్తుందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

ఇంత పెద్ద కీటకానికి పనిచేసే నోరు లేదు! గొంగళిపురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే ఒకటి రెండు వారాలు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే జతకూడి గుడ్లు పెట్టాలి. ఆడ శలభం వదిలే వాసనను మగది ఈకల్లాంటి స్పర్శశృంగాలతో పసిగడుతుంది. గుడ్లు పెట్టకముందే చీపురు దెబ్బకు చనిపోతే పోయేది ఒక్క ప్రాణం కాదు, రాబోయే తరం కూడా.

ఇలాంటి జీవులను మనకు పరిచయం చేసింది చిత్రకళే. మరియా సిబిల్లా మేరియన్ 1705లో అచ్చువేసిన సురినాం కీటకాల గ్రంథంలో గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, రెక్కల పురుగు అన్నిటినీ అవి పెరిగే మొక్కతో సహా చిత్రించారు. 1877లో ఫ్రెడరిక్ మూర్ అండమాన్, నికోబార్ దీవుల సీతాకోకచిలుకలు, శలభాలపై రాసిన వ్యాసానికీ చిత్రఫలకాలు జోడించారు.

ఫొటో తియ్యడానికి క్షణం చాలు. గీయాలంటే మాత్రం నిదానంగా చూడక తప్పదు. కాళ్ళు ఎన్ని? అవి శరీరంలో ఏ భాగం నుంచి మొలిచాయి? అట్లాస్ రెక్కల్లోని త్రికోణపు 'కిటికీలు' ఎందుకు పారదర్శకంగా ఉన్నాయి? అక్కడ పొలుసులు లేవు కనుక. గీసే చెయ్యి తడబడిన ప్రతిచోటా ఒక జీవశాస్త్ర ప్రశ్న దొరుకుతుంది.

మీరూ ప్రయత్నించండి. రాత్రి దీపం వెనుక తెల్లగుడ్డ కట్టండి. వచ్చి వాలిన శలభాన్ని ముట్టుకోకుండా పెన్సిలుతో గీయండి. స్పర్శశృంగాలు దారంలా ఉన్నాయా, ఈకలా ఉన్నాయా? వాలినప్పుడు రెక్కలు ఎలా పెట్టింది? తేదీ, స్థలం, సుమారు కొలత పక్కనే రాయండి. పని కాగానే దీపం ఆర్పండి, అది తన దారిన పోతుంది. అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకైతే శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) భారత జంతు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం అందుబాటులోనే ఉంది.

దీవుల్లో మాత్రమే ఉన్న జాతి అక్కడ అంతరిస్తే లోకంలోనే అంతరించినట్టు. దాన్ని ఒక్కసారి బొమ్మ గీసిన విద్యార్థి మళ్ళీ చీపురు ఎత్తడు.