ఏ అర్రకు ఏ తలుపు?

కొత్త ఇల్లు కట్టేటప్పుడు అందరి చూపూ ముందరి దర్వాజ మీదే ఉంటుంది. దానికి టేకు కట్టె కావాలి. పువ్వులు, తీగలు చెక్కాలి. దర్వాజ ఎత్తే రోజు మంచి ముహూర్తం చూస్తారు. కడపకు పసుపు రాసి బొట్లు పెడతారు. మామిడాకులు కడతారు. ఆడబిడ్డలను పిలుస్తారు.

అదే ఇంటి వెనుక తానం చేసే అర్ర ఉంటుంది. దానికి తలుపు ఉండదు. పాత చీర కడతారు. లేదంటే డబ్బా రేకు అడ్డం పెడతారు. "పైసలు ఒడిసినయి, తర్వాత చూద్దాం" అంటాడు ఇంటాయన. ఆ 'తర్వాత' ఎన్నేండ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. చీర చాటున తానం చేసేది ఆయన కాదు కదా!

అందుకే తలుపుల లెక్క ఇల్లు మొదలుపెట్టినప్పుడే వేసుకోవాలి. ఆ లెక్క వేసేటప్పుడు ఆడవాళ్లు పక్కన కూర్చోవాలి. ఏ తలుపు దేనికి అడ్డం నిలవాలో ముందు తేల్చుకోవాలి. ముందరి తలుపు వానకు, ఎండకు, దొంగకు అడ్డం నిలవాలి. లోపలి అర్ర తలుపుకు వాన లేదు, దొంగ లేడు. అది చాటు ఇస్తే చాలు. తానం అర్ర తలుపు రోజూ నీళ్లలో తడుస్తుంది. మూడింటికీ ఒకే కట్టె అక్కరలేదు.

ఇంకో సంగతి. తలుపు వేరు, దర్వాజ వేరు. గోడలో నిలబెట్టే చౌకట్టు దర్వాజ. దానికి బిగించే రెక్క తలుపు. రెక్క పాడైతే బందులు విప్పి ఒక్క పూటలో మార్చుకోవచ్చు. దర్వాజకు చెదలు పడితే గోడ పగలగొట్టాలి. కాబట్టి ఉన్న పైసల్లో మంచి కట్టె ముందుగా దర్వాజకు పెట్టాలి. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు. పైకి కనిపించే రెక్కకు ఖర్చంతా పెట్టి, దర్వాజకు దొరికిన కట్టె వాడేస్తారు.

పైసలు చేతికి వచ్చే వేళ కూడా చూసుకోవాలి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు ఆడమనిషి పేరు మీద ఇస్తారు. 5 లక్షల రూపాయలు ఒక్కసారే రావు. పని సాగినకొద్దీ విడతలుగా వస్తాయి. చివరి విడత ఇల్లు పూర్తయ్యాకే వస్తుంది. దర్వాజలేమో గోడలు లేచేనాటికే కావాలి. దర్వాజల పైసలు ముందే పక్కన పెట్టుకోకపోతే అప్పు చేయాల్సి వస్తుంది.

ఇక కట్టె సంగతి. కరీంనగర్, ఆదిలాబాద్ టేకుకు పుట్టినిల్లు. 2016లో ఈ రెండు జిల్లాలను చిన్న జిల్లాలుగా విడదీశారు. ఉట్నూరు, జన్నారం, ఖానాపూర్, మహదేవపూర్ అడవుల్లో టేకు తనంతట తానే పెరుగుతుంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర అడవులు. 2024 జనవరిలో ప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామాలయం తలుపులకు టేకు కట్టె ఆ వైపు చంద్రపూర్ నుంచే వెళ్లింది.

టేకుకు అంత పేరు ఎందుకు? ఆ కట్టెలో ఒక రకం నూనె ఉంటుంది. అందుకే చెదలు తొందరగా ముట్టవు. తడిసి ఆరినా అంతగా వంకర పోదు. కాని ఈ గుణం చెట్టు నడిమి కట్టెకే ఉంటుంది. దాన్నే చేవ అంటారు. అది గోధుమ రంగులో ఉంటుంది. బెరడు పక్కన ఉండే కట్టె తెల్లగా ఉంటుంది. అది కూడా టేకే, కాని చెదలు దాన్ని తింటాయి. పడుచు చెట్టులో చేవ తక్కువ, తెల్లకట్టె ఎక్కువ. ఓడల మీద ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి కూడా మన దుకాణాలకు టేకు వస్తుంది. అందులో తోటల్లో పెంచి తొందరగా కొట్టిన చెట్లు చాలా ఉంటాయి. ఎక్కడి టేకు అయినా సరే, చేవ ఎంత ఉందో చూడాలి. రంగు పూశాక ఏమీ కనిపించదు. పూయకముందే చూడాలి.

టేకు కొనే తాహతు లేకపోతే నల్లమద్ది ఉంది. బరువైన కట్టె, గట్టి కట్టె. బాగా ఆరకపోతే పగుళ్లు వస్తాయి. వేప కట్టె చేదు కాబట్టి పురుగు తక్కువ. తుమ్మ కట్టె బండ్లకు, నాగళ్లకు వాడిందే, దర్వాజకూ ఆగుతుంది. మామిడి కట్టె మాత్రం వద్దు. సులువుగా పురుగు పడుతుంది.

కట్టె ఏదైనా బాగా ఆరి ఉండాలి. పచ్చి కట్టెతో చేసిన తలుపు ఎండకాలం వచ్చేసరికి కుంచించుకుపోతుంది. పలకల నడుమ సందులు పడతాయి. గొల్లెం తన రంధ్రంలోకి పోదు. కోసిన కట్టెను నీడలో, నడుమ గాలి ఆడేటట్టు పేర్చి కొన్ని నెలలు ఆరబెట్టాలి. "అన్నా, ఈ కట్టె కోసి ఎన్ని నెలలాయె?" అని వడ్లాయనను అడగాలి. మంచి పనోడు ఈ మాటకు కోపం చేయడు.

అడవి కట్టె సగం ధరకే ఇప్పిస్తామని రాత్రిపూట వచ్చేవాళ్లూ ఉంటారు. ఆ జోలికి పోవద్దు. 1967 అటవీ చట్టం కింద పర్మిట్ లేకుండా అడవి కట్టె తేవడం నేరం. కట్టెనే కాదు, తెచ్చిన బండిని కూడా జప్తు చేయవచ్చు. సర్కారు డిపోలో వేలం వేసిన కట్టెకు, లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న కట్టెకు కాగితం ఉంటుంది. ఆ బిల్లు అడిగి తీసుకోవాలి. చదవాలి. కట్టె పేరు, కొలత, తేదీ ఉన్నాయా చూసి పెట్టెలో దాచుకోవాలి.

బిల్లులో కొలత ఘనపుటడుగుల్లో ఉంటుంది. దుకాణంలో సీఎఫ్‌టీ అంటారు. ఈ లెక్క కష్టమేమీ కాదు. పొడవు అడుగుల్లో, వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో కొలవాలి. మూడింటినీ గుణించి 144తో భాగించాలి. ఒక దర్వాజకు నిలువు కట్టెలు రెండు, ఒక్కొక్కటి ఏడున్నర అడుగులు. అంటే 15 అడుగులు. పైకట్టె, కింద కడప ఒక్కొక్కటి నాలుగున్నర అడుగులు. అంటే 9 అడుగులు. మొత్తం 24 అడుగులు. కట్టె వెడల్పు 6 అంగుళాలు, మందం 3 అంగుళాలు అనుకుందాం. 24ను 6తో గుణిస్తే 144. దాన్ని 3తో గుణిస్తే 432. 432ను 144తో భాగిస్తే 3 వస్తుంది. అంటే 3 ఘనపుటడుగుల కట్టె. బిల్లులో 4 అని ఉంటే ఆ ఒకటి ఎందుకో అడగాలి. కోతలో, చిత్రికలో కొంత పోయేది నిజమే. ఆ కొంత ఎంతో చెప్పించుకోవాలి.

ముందరి తలుపు మూడున్నర అడుగుల వెడల్పు ఉంటే మంచిది. బీరువా పోవాలి, మంచం పోవాలి. ముసలమ్మకు ఒంట్లో బాగా లేకపోతే మంచం మీదనే ఎత్తుకొని బయటికి తేవాలి. వాస్తు అందరూ చూపిస్తారు. వానజల్లు ఎటు నుంచి కొడుతుందో చూసేవాళ్లు తక్కువ. మన దగ్గర వానకాలం గాలి ఎక్కువగా పడమర నుంచి వస్తుంది. పడమటి తలుపు మీద సజ్జ లేకపోతే టేకు కూడా నల్లబడుతుంది.

పెరటి తలుపును చాలామంది లోపలి తలుపు అనుకుంటారు. వంటర్ర పక్కనే ఉంది కదా అని పలుచని చెక్క పెడతారు. అది కూడా బయటి తలుపే. ముందర పెద్ద తాళం చూసిన దొంగ వెనుకకే వస్తాడు. దానికి గట్టి రెక్క కావాలి. లోపలి నుంచి అడ్డగడియ కావాలి. బందులు ఇంటి లోపలి వైపు ఉండాలి. బయటికి ఉంటే వాటి చీల ఊడదీసి తలుపునే తీయవచ్చు.

ఇనుప రేకు తలుపు చౌక. కాని ఆదిలాబాద్, రామగుండం ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు ఆ తలుపు ముట్టుకుంటే చేయి కాలుతుంది. రేకు మందాన్ని గేజిలో చెబుతారు. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. అంకె పెరిగితే రేకు పలుచన అవుతుంది. 18 గేజి రేకు 22 గేజి కన్నా మందం. "22 అంటే ఇంకా గట్టిది అక్కా" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

లోపలి అర్రలకు ఫ్లష్ తలుపులు చాలు. లోపల కట్టె ముక్కలు, రెండు వైపులా ప్లైవుడ్ అంటించి చేస్తారు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి. వీటిని వానకు పెట్టవద్దు, పొరలు లేస్తాయి.

ఇక తానం అర్ర, మరుగుదొడ్డి. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ పథకం కింద మరుగుదొడ్డికి 12 వేల రూపాయలు ఇచ్చారు. ఊళ్లలో దొడ్లు లేచాయి. కొన్నిటికి పలుచని రేకు తలుపులు పెట్టారు. అలాంటి తలుపుకు నీళ్లు చల్లినకొద్దీ అడుగున తుప్పు పడుతుంది. కొన్ని వానకాలాలకు ఊడిపోతుంది. తలుపు ఊడిన దొడ్డిలో కట్టెలు, పిడకలు చేరతాయి. ఆడవాళ్లు మళ్లీ పొద్దు గూకేదాకా ఓర్చుకోవాల్సి వస్తుంది.

ఈ రెండింటికీ దర్వాజ కట్టెది వద్దు. సిమెంటుది పెట్టుకోవచ్చు. కరీంనగర్ గ్రానైట్‌కు పేరున్న జాగ, రాతి దర్వాజ కూడా పెట్టుకోవచ్చు. నీళ్లకు చెడదు, చెదలు పట్టవు. రెక్క పీవీసీది అయితే మేలు. అది కుళ్లదు. కాని నేరుగా ఎండ పడితే కొన్నేండ్లకు పెళుసు అవుతుంది. వెడల్పు రెండున్నర అడుగులు ఉండాలి. కింద ఒక అంగుళం సందు వదలాలి, గాలి ఆడుతుంది. తలుపు బయటికి తెరుచుకోవడం మంచిది. లోపల ఎవరైనా జారి పడితే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతుంది. బయటి నుంచి తీయలేం.

గొల్లెం లోపలి వైపు ఉందో లేదో తప్పకుండా చూడాలి. కొన్ని దొడ్లకు బయటి గొల్లెం ఒక్కటే పెట్టి పోతారు. కుక్కలు రాకుండా అది పనికి వస్తుంది. లోపల కూర్చున్న మనిషికి పనికి రాదు. అడపిల్లలకు కూడా అందే ఎత్తులో, సులువుగా జరిగే గొల్లెం పెట్టించాలి.

వానకాలంలో కట్టె తలుపు బిగుసుకుంటుంది. వెంటనే చిత్రిక పట్టించవద్దు. గాలిలో తేమకు కట్టె ఉబ్బింది, అంతే. అప్పుడు చెక్కితే ఎండకాలంలో సందు పడుతుంది. దీపావళి దాటేదాకా ఆగాలి. అప్పటికీ పట్టుకుంటే ఎక్కడ రాసుకుంటుందో సుద్దతో గీసి, అక్కడి వరకే చెక్కించాలి. చెక్కినచోట మళ్లీ రంగు పూయాలి, లేకపోతే వచ్చే వానకు తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది.