బాతుకు ఈకలు ఊడుతున్నాయా? ముందు ఎక్కడో చూడండి

పెరట్లో రెండు మూడు బాతులను ముచ్చటగా పెంచుకునే ఇళ్లు మనలో ఉన్నాయి. ఈకలు రాలగానే రోగమని కంగారు పడతాం. అసలు కారణం తరచుగా మందలోనే ఉంటుంది. ఈకలు ఎక్కడ పోయాయో చూస్తే అది తెలుస్తుంది.

ఒళ్లంతా రాలుతూ, కొత్త ఈకల మొలకలు కనిపిస్తుంటే భయం లేదు. బాతులు ఏటా ఈకలు మార్చుకుంటాయి. ఆ రోజుల్లో గుడ్లు తగ్గుతాయి. మాంసకృత్తులున్న మేత పెట్టాలి. ఉత్త అన్నం, బ్రెడ్డు సరిపోవు.

ఆడబాతుకు తల వెనక, మెడ మీద, వీపు మీద మాత్రమే ఈకలు పోతే మగబాతును అనుమానించాలి. జత కట్టేటప్పుడు అది ముక్కుతో పట్టుకునేది అక్కడే. ఒక మగబాతుకు కనీసం నాలుగైదు ఆడబాతులు ఉండాలి. మగవి ఎక్కువైతే ఆడబాతు గాయపడుతుంది. అప్పుడు మగదాన్ని వల కంచె అవతల ఉంచాలి. ఒకదానికొకటి కనిపిస్తుంటే బెంగ పెట్టుకోవు. తోక మీద వంకీ తిరిగిన ఈక, బొంగురు గొంతు మగబాతు గుర్తులు.

ఈకలు తడిసి ముద్దయిపోతుంటే స్నానానికి నీళ్లు చాలడం లేదేమో చూడాలి. తోక మొదట్లోని గ్రంథిలో ఊరే నూనెను బాతు ముక్కుతో ఈకలకు రాసుకుంటుంది. ఈకలు శుభ్రంగా ఉండాలంటే తల మునిగేంత మంచినీళ్లు రోజూ కావాలి. వెడల్పాటి తొట్టి చాలు.

కొత్త బాతును తెస్తే మూడు వారాలైనా విడిగా ఉంచి, ఆరోగ్యం చూసి మందలో కలపాలి. గాయం మానకపోయినా, మేత మానేసినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి.