మెల్‌బోర్న్ నుంచి గుంటూరుకి

మగ డాక్టరు నాడి చూస్తానంటే ససేమిరా అన్న ముత్తవ్వలు మన ఇళ్లలో ఎంతమంది లేరు! అలా వైద్యం అందక ఈ దేశంలో ఆడవాళ్లు, పసిబిడ్డలు పోతున్నారని 1915లో మెల్‌బోర్న్‌లో ఓ చిన్న పుస్తకంలో చదివారు డాక్టర్ మేరీ గ్లౌరీ. పుట్టింది 1887లో. అప్పటికే నగరంలో మంచి ప్రాక్టీసు. అదంతా వదిలేసి 1920లో గుంటూరు వచ్చి, జీసస్ మేరీ జోసెఫ్ సంస్థలో సన్యాసినిగా చేరారు. సన్యాసినులు వైద్యం చేయకూడదన్న రోజులవి. పోపు అనుమతితో చేశారు.

"మతంలో కలుపుకోడానికేగా?" అని పెదవి విరిచేవాళ్లుంటారు. ఆవిడ మిషనరీయే, అందులో దాపరికమేం లేదు. నాకు మాత్రం ఇంకో సంగతి పెద్దదిగా తోస్తుంది. అంతా తన చేతిమీదే నడవాలనుకోకుండా ఇక్కడి ఆడపిల్లలకి మందులు కలపడం, పురుళ్లు పోయడం, నర్సు పని నేర్పించారు. ఒక్క వంటిల్లు కోడలికి అప్పగించడమే ఎంత కష్టమో మనకి తెలీదూ!

1943లో దేశంలోని కాథలిక్ ఆస్పత్రులకి ఓ సంఘం ఏర్పాటు చేశారు. 1957లో బెంగుళూరులో కాన్సరుతో పోయారు. చిన్న డిస్పెన్సరీగా ఆవిడ పెంచిన సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రి గుంటూరులో ఇప్పటికీ ఉంది.