ఎదురుచూస్తే కాలం ఎందుకు సాగుతుంది?

పిల్లలూ! పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే రోజులు ఎంత బరువుగా నడుస్తాయో మీకు తెలుసు. అంతకంటే పొడవైన ఎదురుచూపు ఒకటి చెబుతాను.

మా బడిలో చదివిన కుర్రాడొకడు అమెరికాలో పిహెచ్.డి. చెయ్యాలని డిసెంబరులో నాలుగు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాడు. మార్చి నెలాఖరుకు రెండు 'కాదు'లు వచ్చాయి. మిగతా రెండింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అవి కాలిఫోర్నియాలో ఉన్నాయి. అక్కడ ఉదయం తొమ్మిది గంటలంటే ఆ రోజుల్లో మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఇక నిద్రెక్కడ? తెల్లవార్లూ ఫోను వంకే చూపు.

"రాదని తెలిసిపోయినా హాయిగా ఉండేది మాస్టారూ!" అన్నాడు.

ఈ మాట ఉత్త నిట్టూర్పు కాదు. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందిచేత ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెరమీద కనబడే రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి చురుక్కుమని కరెంటు షాకు! ఆడేవారికి ఎంత చెమట పడుతోందో, కంటిపాప ఎంత విచ్చుకుంటోందో కొలిచారు. షాకు తప్పదని తెలిసినప్పటికంటే, తగలడానికీ తగలకపోవడానికీ సమానంగా అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది. తప్పదని తెలిస్తే మెదడు సిద్ధపడుతుంది. సగం సగం అయితే దేనికని సిద్ధపడుతుంది?

ఆ ఆటలో ఒత్తిడికి ఒక ప్రయోజనం కూడా కనబడింది. అనిశ్చితిని బట్టి ఎవరి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉందో, వారే పామును బాగా ఊహించారు. కానీ దరఖాస్తు పంపేశాక ఊహించి చేసేదేముంది? గంట మోగుతూనే ఉంటుంది, పరుగెత్తడానికి దారి ఉండదు. నా మటుకు అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తుంది.

కాలిఫోర్నియాలోనే కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లాయరు పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం ఆగిన 230 మందిని పరిశీలించింది. దిగులు పోగొట్టుకోవడానికి వారు వేసిన ఎత్తులు చాలావరకు పారలేదు. చిత్రమేమిటంటే, దిగులుపడుతూ గడిపినవారే చెడువార్తను మెరుగ్గా తట్టుకున్నారు, మంచివార్తకు మరింత పొంగిపోయారు! కాబట్టి "దిగులు పడకు" అని నేను మావాడికి చెప్పలేదు. ఒళ్లు మరిచి చేసే పని ఉంటే ఎదురుచూపు కొంత తేలికవుతుందని ఆమె బృందమే తర్వాత కనుగొంది. అందుకని బడిలో స్క్రూ బిగుసుకుపోయిన మైక్రోస్కోపు ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టాను. మొదటిరోజు గంటన్నరసేపు ఫోను ముట్టలేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

మరో సంగతి కూడా చెప్పాను. ఆర్థిక సహాయంతో సీటు ఇస్తామన్నప్పుడు, ఒప్పుకోవడానికి అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. రెండుమూడు సీట్లు వచ్చినవారు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తే, అవి వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి దక్కుతాయి. అంటే ఆలస్యమైన ప్రతి జవాబూ 'కాదు' కానక్కరలేదు.

ఏప్రిల్ 10న మూడో 'కాదు' వచ్చింది. ఆ పూట వాడు మైక్రోస్కోపు జోలికి రాలేదు. నాలుగో జవాబు 17న వచ్చింది. రాత్రి పదకొండింటికి మా తలుపు కొట్టాడు. సీటు వచ్చింది.