మీటర్ల లెక్క, రాతి సాక్ష్యం

ఊళ్లోకి బోరు బండి వచ్చిందంటే అందరి చూపూ నీళ్ల మీదే. గాలి ఒత్తిడితో సుత్తిలా కొట్టే బిట్ రాయిని నుగ్గు చేస్తుంది. ఆ నుగ్గు దుమ్ముగా, బురదగా పైకి చిమ్ముతుంది. దాని వంక ఎవరూ చూడరు, నీళ్లు పడితే చాలు. ఖనిజాల కోసం వేసే బోరులో సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ రంధ్రంతో ఎవరికీ పని లేదు. లోపలి రాయి కావాలి. అది కూడా నుగ్గుగా కాదు, ఏ లోతులో ఏ పొర తర్వాత ఏ పొర ఉందో ఆ వరుస చెడకుండా, గుండ్రని కడ్డీలా బయటికి రావాలి. ఆ రాతి కడ్డీని కోర్ అంటారు.

నేల మీద దొరికే రాళ్లు, మట్టి పరీక్షలు, విమానం నుంచి చేసే అయస్కాంత సర్వేలు, ఇవన్నీ కలిసి చెప్పగలిగింది ‘ఇక్కడ ఉండొచ్చు’ అన్నంతవరకే. ఉందా, ఎంత ఉంది, ఎంత లోతున ఉంది అన్న ప్రశ్నలకు జవాబు డ్రిల్లింగ్‌తోనే వస్తుంది. గని తవ్వాలా వద్దా, బ్యాంకు అప్పు ఇవ్వాలా వద్దా అన్నవి కూడా చివరికి ఆ కోర్‌ను చూసి తేల్చుకోవాల్సినవే. అయినా చాలా గని కంపెనీలకు సొంత రిగ్గులు ఉండవు. రిగ్గులు, మనుషులు, రాడ్లు, బిట్లు అన్నీ కాంట్రాక్టరువి. అతనికి డబ్బు వచ్చేది మీటర్ల లెక్కన. అతని నుంచి కంపెనీ ఆశించేది మాత్రం రాయి గురించిన నిజం. బిల్లు ఒకదానికి, అవసరం ఇంకొకదానికి. ఈ రెండింటి మధ్య పెనుగులాటే ఈ వృత్తి చరిత్ర అని నాకు అనిపిస్తుంది.

ఆ చరిత్ర చూడటానికి లాంగ్‌ఇయర్ కంపెనీ కథ బాగా పనికొస్తుంది. 1864లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టిన ఎడ్మండ్ లాంగ్‌ఇయర్ 1888లో అక్కడి గనుల కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నాడు. రెండేళ్లకు, 1890లో, మినెసోటాలోని మెసాబి ఇనుప కొండల ప్రాంతంలో మొట్టమొదటి వజ్రపు కోర్ బోరు వేశాడు. అప్పటికి అదంతా అడవి, చిత్తడి నేల. రిగ్గు ఆవిరితో నడిచేది కాబట్టి బాయిలరు, దానికి కావలసిన కట్టెలు, మనుషులకు తిండి, అన్నీ అడవిలోకి మోసుకుపోవాల్సిందే. ఆ ప్రాంతపు ఖనిజం తర్వాత దశాబ్దాల పాటు అమెరికా ఉక్కు కొలిమిలకు ప్రధాన ఆధారమైంది. లాంగ్‌ఇయర్ ఇతరుల భూముల్లో ఇతరుల కోసం బోర్లు వేస్తూ, ఆ అనుభవంతోనే యంత్రాల తయారీలోకి దిగాడు. ఇలా రెండు కాళ్ల మీద నిలబడటం కంపెనీకి ఎంతో కలిసొచ్చింది. రిగ్గు మీద ఎదురైన ఇబ్బంది నేరుగా కార్ఖానాకు చేరేది.

ఆ తొలినాళ్ల బిట్ అంచున బ్రెజిల్ నుంచి తెచ్చిన నల్ల వజ్రాలను చేత్తో పొదిగేవారు. వజ్రంతో రాయి తొలిచే ఈ పద్ధతి 1860ల ఆరంభంలో స్విస్ తండ్రీకొడుకుల చేతుల్లో రూపుదిద్దుకుంది. తండ్రి జార్జ్ లెషో జెనీవాలో గడియారాలు చేసేవాడు, కొడుకు రోడాల్ఫ్ ఇంజనీరు. బిట్ నుంచి ఒక్క వజ్రం ఊడి బోరులో పడినా ఆ రోజుల్లో పెద్ద నష్టం.

ఇప్పటి బిట్ వేరు. ఇసుక రేణువుల్లాంటి కృత్రిమ వజ్రాలను లోహపు పొడిలో కలిపి, కొలిమి వేడిలో ఉంగరంలా పోత పోస్తారు. వజ్రం రాయిని కోస్తుంటే చుట్టూ ఉన్న లోహం కొద్దికొద్దిగా అరుగుతుంది. మొద్దుబారిన వజ్రం రాలిపోయి, లోపలున్న పదునైనది పైకి తేలుతుంది. ఇక్కడ చదివేవారు ఒక్క నిమిషం ఆగాల్సిన విషయం ఉంది. రాయి ఎంత గట్టిదైతే బిట్‌లోని లోహం అంత మెత్తగా ఉండాలి. గట్టి రాయి నుంచి వచ్చే పొడి చాలా సన్నగా ఉంటుంది, అది లోహాన్ని సరిగా అరగదీయలేదు. లోహం అరగకపోతే కొత్త వజ్రం బయటపడదు, బిట్ నున్నగా మెరుగెక్కి ఊరికే తిరుగుతుంది. గరుకైన మెత్తటి రాతిలో దీనికి విరుద్ధం. అక్కడ లోహం గట్టిగా లేకపోతే బిట్ గంటల్లో హరించుకుపోతుంది. ఏ రాతికి ఏ బిట్ అన్నది తేల్చుకోవడంలోనే కాంట్రాక్టరు లాభనష్టాలు చాలావరకు తేలిపోతాయి.

వజ్రం కంటే పెద్ద మార్పు 1958లో వచ్చింది. అంతకుముందు కోర్ నిండే గొట్టం మూడు మీటర్లకోసారి నిండితే, దాన్ని ఖాళీ చేయడానికి బోరులోని రాడ్లన్నీ పైకి లాగాలి, విప్పాలి, మళ్లీ బిగిస్తూ దించాలి. 600 మీటర్ల బోరుకు లెక్క వేసి చూడండి. మొత్తం రెండు వందల సార్లు. లాగిన పొడవు, దించిన పొడవు కలిపితే 120 కిలోమీటర్లు దాటుతుంది. కోసేది ఆరు వందల మీటర్లు, మోసేది 120 కిలోమీటర్ల ఇనుము! లాంగ్‌ఇయర్ కంపెనీ తెచ్చిన ‘క్యూ’ వైర్‌లైన్ పద్ధతిలో రాడ్లు బోరులోనే ఉండిపోతాయి. కోర్ నిండిన లోపలి గొట్టం మాత్రమే పైకి వస్తుంది. బావిలో పడ్డ బొక్కెనను పాతాళ గరిగతో పైకి తీసినట్టే, తీగకు కట్టిన ఒక కొక్కేన్ని రాడ్ల లోపలి నుంచి దించుతారు. అది గొట్టం తలను పట్టుకుంటుంది, వించితో పైకి లాగుతారు, ఖాళీ గొట్టాన్ని మళ్లీ వదులుతారు. రాడ్లు కదిలించేది బిట్ అరిగినప్పుడే. ఇవాళ ప్రపంచమంతటా డ్రిల్లర్లు పలికే బీక్యూ, ఎన్‌క్యూ, హెచ్‌క్యూ, పీక్యూ అన్న సైజులు ఆ పద్ధతి నుంచి వచ్చినవే. ఎన్‌క్యూ కోర్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు, హెచ్‌క్యూది 63.5.

రిగ్గు దగ్గర పని పన్నెండు గంటల షిఫ్టుల్లో రాత్రీ పగలూ నడుస్తుంది. ఒక డ్రిల్లరు, ఇద్దరు ముగ్గురు హెల్పర్లు. బోరులోకి నిరంతరం నీళ్లు పంపు చేయాలి. బిట్‌ను చల్లబరిచేదీ, కోసిన పొడిని పైకి తెచ్చేదీ ఆ నీళ్లే. బోరు గోడలు కూలిపోకుండా అందులో బెంటొనైట్ మట్టి, పాలిమర్లు కలుపుతారు. పంపు ఒత్తిడి, రాడ్ల అదురు, ఇంజను గొంతు, వీటిని బట్టి కింద రాయి మారిన సంగతి మంచి డ్రిల్లరు కోర్ బయటికి రాకముందే పసిగడతాడు. ఆ విద్య పుస్తకంలో దొరికేది కాదు, ఏళ్లు పడుతుంది. వచ్చిన కోర్‌ను పెట్టెల్లో వరుసగా పేర్చి, ఎక్కడికక్కడ లోతు రాసిన చెక్క దిమ్మ పెడతారు. ఆ దిమ్మ మీద అంకె తప్పితే తర్వాత జరిగే లెక్కలన్నీ తప్పుతాయి. పైగా బోరు తిన్నగా పోదు. రాతి పొరల వాలును బట్టి పక్కకు ఒరుగుతుంది. అందుకే మధ్యమధ్యలో సర్వే పరికరం దించి దిక్కు, వాలు కొలుస్తారు. ఇనుప ఖనిజం ఉన్నచోట దిక్సూచిని నమ్మలేం కాబట్టి అయస్కాంతంపై ఆధారపడని గైరో పరికరం వాడతారు. కెనడాలో చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద రిగ్గు నిలబెట్టి బోరు వేస్తారు. రోడ్డు లేని కొండల్లోకి రిగ్గును విడదీసి హెలికాప్టరుకు వేలాడదీసి తీసుకుపోతారు. తిరిగే రాడ్లు, బరువైన ఇనుము చేతులను, వేళ్లను బలిగొనే పని ఇది. రాడ్లను ఎత్తి బిగించే యంత్రపు చేతులు ఈ మధ్యకాలంలో వచ్చాయి. నా దృష్టిలో వేగం పెంచే ఏ కొత్త పరికరం కంటే ఇవే గొప్పవి.

ఇక మీటరు రేటు సంగతి. రాయి గట్టిగా ఏకండిగా ఉంటే మీటర్లు గబగబా పడతాయి, కోర్ ముక్కలు కాకుండా వస్తుంది, ఇద్దరికీ సంతోషం. చిక్కంతా పగిలిన రాతి దగ్గర. భూమిలో పగుళ్లు ఉన్నచోటే వేడి ద్రావణాలు పారి లోహాలను వదిలి వెళ్తాయి కాబట్టి, చాలా గనుల్లో ఖనిజం ఉండేదీ ఆ పగిలిన మండలాల్లోనే. వేగంగా పోతే అక్కడి మెత్తని భాగం నీళ్లలో కొట్టుకుపోతుంది, మూడు మీటర్లు కోస్తే రెండు మీటర్ల కోరే చేతికొస్తుంది. పోయిన ఆ మీటరులోనే బంగారం ఉండి ఉండవచ్చు. అందుకే కోర్ రికవరీ ఇంత శాతానికి తగ్గకూడదని ఒప్పందాల్లో షరతు పెడతారు. యంత్రాల రవాణాకు, ఖాళీగా నిలబడ్డ గంటలకు విడిగా రేటు ఉంటుంది. షరతులు ఎన్ని రాసినా, అర్ధరాత్రి షిఫ్టులో బిట్ మీద బరువు తగ్గించి, అర మీటరు చొప్పున ఓపికగా కోసే నిర్ణయం డ్రిల్లరుదే.

ఆ కోర్‌కు ఎంత శక్తి ఉంటుందో 1963 నవంబరులో కెనడాలోని టిమ్మిన్స్ దగ్గర తెలిసింది. టెక్సస్ గల్ఫ్ సల్ఫర్ కంపెనీ వేయించిన కె-55-1 అనే బోరు 655 అడుగులు, అంటే సుమారు 200 మీటర్లు దిగింది. కోర్‌ను కంటితో చూసి వేసిన అంచనాలోనే దాదాపు 600 అడుగుల మందాన సగటున 1.15 శాతం రాగి, 8.64 శాతం జింకు. ప్రయోగశాల ఫలితం కూడా దానికి దగ్గరగానే వచ్చింది, పైగా వెండి. చుట్టుపక్కల భూములు ఇంకా కొనలేదు కాబట్టి కంపెనీ విషయం దాచింది. రిగ్గును అక్కడి నుంచి తరలించి, ఖనిజం ఉండదనుకున్న చోట కావాలని ఒక బోరు వేయించి ఆ వట్టి కోర్‌ను పెట్టుకుంది. 1964 ఏప్రిల్ 16న ప్రకటన వెలువడేలోగా సంగతి తెలిసిన కొందరు కంపెనీ అధికారులు, ఉద్యోగులు షేర్లు కొనుక్కున్నారు. అది కోర్టుకెక్కింది. 1968లో వచ్చిన తీర్పు అమెరికాలో లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం చేయడంపై చట్టానికి మూలస్తంభమైంది. అక్కడి కిడ్ గని తర్వాత మూడు కిలోమీటర్ల లోతుకు వెళ్లింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఇండోనేషియాలోని బుసాంగ్. కెనడా కంపెనీ బ్రీ-ఎక్స్ అక్కడ మహా బంగారు నిక్షేపం ఉందని చెప్పింది. మామూలుగా కోర్‌ను రంపంతో నిలువునా రెండుగా కోసి సగం ప్రయోగశాలకు పంపుతారు, మిగతా సగం పెట్టెలో సాక్ష్యంగా దాస్తారు. బుసాంగ్‌లో కోర్‌ను దాదాపు మొత్తంగా పరీక్షకే పంపి నుగ్గు చేయించారు. ఆ నమూనాల్లో బయటి బంగారపు రేణువులు కలిశాయి. 1997లో ఫ్రీపోర్ట్ కంపెనీ పాత బోర్ల పక్కనే కొత్తవి వేసి చూస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. ఆ ఏడు మే నెలలో స్వతంత్ర నిపుణుల నివేదికతో కంపెనీ కుప్పకూలింది, ఎంతోమంది పొదుపు సొమ్ము పోయింది. మోసం బోరులో జరగలేదని గుర్తుంచుకోవాలి. డ్రిల్లర్లు పైకి తీసిన రాయి నిజమే చెప్పింది. దాన్ని సగం దాచిపెట్టి ఉంటే ఎవరైనా మళ్లీ అడిగి తెలుసుకునేవారు.

కాంట్రాక్టర్ల వ్యాపారం ఎలా పెరుగుతుంది, ఎలా పడుతుంది? వీళ్లకు పని ఇచ్చేవాళ్లలో ఒక భాగం పెద్ద గని కంపెనీలు. మరో భాగం చిన్న అన్వేషణ కంపెనీలు, వీటికి ఆదాయమే ఉండదు. టొరంటోలోనో, సిడ్నీలోనో షేర్లు అమ్మి తెచ్చిన డబ్బుతో బోర్లు వేయిస్తాయి. రాగి, బంగారం ధరలు పడితే ఆ డబ్బు ఎండిపోతుంది. నడుస్తున్న గనిని వెంటనే ఆపలేరు, కానీ కొత్త బోరును రేపటి నుంచే ఆపవచ్చు. అందుకే మాంద్యం మొదట తాకేది డ్రిల్లింగ్‌నే. లాంగ్‌ఇయర్‌ను ఆంగ్లో అమెరికన్ సంస్థకు చెందిన బోర్ట్ తనలో కలుపుకుంది, 1994 నుంచి బోర్ట్ లాంగ్‌ఇయర్ అయింది. 2005లో చేతులు మారింది. లోహాల ధరలు ఆకాశాన్నంటిన 2007లో ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజిలో 200 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా విలువైన షేర్లు అమ్మింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక సంక్షోభం. మళ్లీ కోలుకుని 2012లో సుమారు 200 కోట్ల అమెరికా డాలర్ల ఆదాయానికి చేరింది. ఒక్క ఏడాదిలో అది దాదాపు 120 కోట్లకు జారింది. అప్పుల భారం మిగిలింది. అప్పులిచ్చినవాళ్లే చివరికి వాటాదారులయ్యారు. 2024లో ఒక పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. కెనడాలోని మాంక్టన్‌లో 1980లో మొదలైన మేజర్ డ్రిల్లింగ్ అప్పుల విషయంలో జాగ్రత్తగా ఉండి, లోతైన, కష్టమైన బోర్ల వైపు మొగ్గింది. ఈ వ్యాపారంలో రిగ్గులు కొనడం సులువు, పని లేని రెండేళ్లు మంచి డ్రిల్లర్లను నిలబెట్టుకోవడం కష్టం. ధర పడ్డప్పుడు ఇంటికి పంపిన మనిషి ధర లేచినప్పుడు తిరిగి రాడు.

మన దగ్గర ఈ పని చాలాకాలం ప్రభుత్వ సంస్థలదే. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. అక్కడి బొగ్గు పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. 1972లో నాగపూర్ కేంద్రంగా ఖనిజాల అన్వేషణ కోసమే ఎంఈసీఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. యురేనియం వెతికే అణు ఖనిజాల విభాగం కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఆ విభాగం 2019లో నల్లమలలో బోర్లు వేస్తామన్నప్పుడు చెంచుల నుంచి, పట్టణాల్లోని చదువుకున్న యువత దాకా ఎదురు నిలిచారు, ఆ సెప్టెంబరులో అక్కడ యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. బోరు గని కాదు, నిజమే. కానీ రిగ్గు వెళ్లాలంటే దారి కావాలి, నీళ్లు కావాలి, రాత్రి దీపాలు, ఇంజను మోత తప్పవు. పులులు తిరిగే అడవిలో అది చిన్న విషయం కాదు, వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే.

2021లో గనుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ప్రైవేటు సంస్థలకూ అన్వేషణలో ప్రవేశం దొరికింది. 2025 జనవరిలో ఆమోదం పొందిన కీలక ఖనిజాల జాతీయ మిషన్ 2031 లోగా 1,200 అన్వేషణ ప్రాజెక్టులు లక్ష్యంగా పెట్టుకుంది. లిథియం, అరుదైన మూలకాల కోసం వేసే ఈ బోర్ల పనులు తక్కువ మీటరు రేటు ఒక్కటే చూసి కట్టబెడితే రిగ్గులు వేగంగానే నడుస్తాయి, పెట్టెలు మాత్రం వెలితిగా వస్తాయి. టెండర్లలో రేటుతో పాటు పాత బోర్ల రికవరీ లెక్కలనూ, డ్రిల్లర్ల అనుభవాన్నీ తూచాలి. కొత్తగా వచ్చే హెల్పర్లకు ఐటీఐల స్థాయిలో ఈ పనిలో శిక్షణ మొదలుపెట్టాలి. లక్ష్యం పెట్టుకున్న బోర్లన్నీ వేయాల్సినవాళ్లు వాళ్లే.